హాస్టలు నడిపిన మనుషులు

ఈ సావనీరుకు చరిత్ర విషయమై ఏదైనా వ్రాయవలసిందని సొసైటీ పెద్దలు కోరినప్పుడు మేము కుతుబ్‌షాహీల గురించో, పాయిగా నవాబుల గురించో వ్రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. అవి చాలామంది వ్రాసినారు, మాకన్నా బాగా వ్రాసినారు. మేము వ్రాయదలచినది హాస్టళ్ళ గురించి. అందులోనూ కట్టడాల గురించి కాదు, వాటిని నడిపిన మనుషుల గురించి. వార్డెను, మేట్రను, మానిటరు, వంటమనిషి, వాచ్‌మన్ - వీళ్ళను ఎవరు ఏరి తెచ్చినారు, పని ఎట్లా నేర్పినారు, ఆ పని నేర్చినవారు తర్వాత ఏమైనారు అన్నది మన హైదరాబాదు చరిత్రలో చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడే ఎందుకు వ్రాస్తున్నామంటే కారణం ఉన్నది. 2008 మార్చి 23న శంషాబాద్ నుండి విమానాలు ఎగరడం మొదలైనప్పటి నుండి మన చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయినవి, ప్లాట్లు కాలేజీలైనవి, కాలేజీల వెంబడి హాస్టళ్ళు వచ్చినవి. పై ఊళ్ళ నుండి వచ్చే పేద విద్యార్థుల కొరకు మన సొసైటీ కూడా ఒక వసతిగృహం పెట్టాలన్న మాట జనరల్ బాడీలో నలుగుతూనే ఉన్నది. జాగా ఎక్కడ, చందా ఎంత, ఎన్ని గదులు - ఈ ప్రశ్నలు అందరూ అడుగుతారు. నడిపేదెవరు అంటే మాత్రం "ఎవరో ఒకరిని పెడదాం లెండి" అంటారు. ఆ "ఎవరో ఒకరు" దగ్గరనే మాకు పేచీ.

ఉర్దూలో అతాలీఖ్ అని ఒక మాట గలదు. పిల్లవాని వెంట ఉండి తాలీమ్‌తో పాటు తర్బియత్ కూడా చూచే పెద్దమనిషి అన్నమాట. చిన్న వయసులో గద్దెనెక్కిన అక్బరుకు బైరాంఖాన్ అతాలీఖ్‌గా ఉండినాడని మా ఏడవ తరగతి పిల్లలకు కూడా తెలుసు. రాజుల బిడ్డలకు దొరికిన ఆ తర్బియత్ మామూలు ఇండ్ల పిల్లలకు ఎట్లా దొరకాలి? సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు 1869-70లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి పద్ధతిని కళ్ళారా చూచి వచ్చినారు. 1875లో అలీగఢ్‌లో మదరసా తెరిచినారు. 1877లో కాలేజీకి శంకుస్థాపన జరిగింది. ఆయన దృష్టిలో క్లాసు గది ఎంతో, బోర్డింగ్ హౌసు అంత. అక్కడ పెద్ద విద్యార్థులనే మానిటర్లుగా పెట్టి చిన్నవాళ్ళ బాగోగులు అప్పగించేవారు. 1890లో ఆ విద్యార్థులే అంజుమన్-అల్-ఫర్జ్ అని సంఘం పెట్టుకొని, పేద విద్యార్థుల కొరకు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసినారు. ఇరవై ఏండ్ల పిల్లవాడు లెక్క వ్రాయడం, నలుగురిలో మాట్లాడడం, చెయ్యి చాచి అడగడం నేర్చుకున్నాడంటే అది హాస్టలు వరండాలో నేర్చుకున్న హునరే. హైదరాబాదుకు అలీగఢ్‌తో రాకపోకలు ఎప్పుడూ ఉండినవి. నిజాం సర్కారులో కొలువు చేసిన మొహసినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇద్దరూ అనంతరం ఆ కాలేజీకి గౌరవ కార్యదర్శులుగా పనిచేసిన సంగతి విదితమే.

(మాటల్లో మాట. మన శంషాబాద్ పేరు పాయిగా అమీర్లయిన షమ్సుల్ ఉమరాల నుండి వచ్చింది. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలోనే ఆ వంశపు ఒక అమీరు మదరసా ఫఖ్రియా స్థాపించి, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను ఉర్దూ చేయించి అచ్చు వేయించినాడు. టాక్సీ అడ్డా పేరుగా మాత్రమే శంషాబాద్‌ను ఎరిగిన మన పిల్లలకు ఈ సంగతి చెప్పాలె.)

1923లో బేగంపేటలో జాగీర్దారుల పిల్లల కొరకు జాగీర్దార్స్ కాలేజీ తెరిచినారు. జాగీర్లు పోయినాక, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. అది డబ్బున్నవారి బోర్డింగు, దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర లేదు. మామూలు రైతుబిడ్డలకు పనికివచ్చిన హాస్టలు అంతకు ముందే, 1918లో పుట్టింది. అదే రెడ్డి హాస్టలు.

దాన్ని నిలబెట్టినవారు రాజా బహద్దూర్ వెంకట రామారెడ్డి గారు. 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా ఉండిన అధికారి ఆయన. జిల్లాల నుండి పట్నానికి చదువుకొనుటకు వచ్చే పిల్లలకు తల దాచుకొనే చోటు లేదు. చేతిలో అధికారం, వెనుక కులపెద్దల చందాలు ఉన్నందున కట్టడం లేపుట ఆయనకు అంత కష్టం కాలేదు. మాకు గొప్పగా తోచేది అది కాదు. హాస్టలు చూచుకొనుటకు ఆయన ఎవరిని తెచ్చినారన్నదే గొప్ప. బంధువును తేలేదు, పదవి విరమించి ఊరకే కూర్చున్న మనిషినీ తేలేదు. మద్రాసులో బి.ఏ. చదివి, లా పట్టా పుచ్చుకొని, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారిని పిలిపించి కార్యదర్శి పని అప్పగించినారు. అప్పటికి ఆయనకు ముప్పయి ఏండ్లు కూడా నిండలేదు. వకీలు వృత్తిలో ఉంటే సంపాదన మరో తీరుగా ఉండేది. సుమారు పదేండ్లు ఆయన హాస్టలు బాధ్యతలు మోసినారు.

ఆ పదేండ్లలో ఏమి జరిగిందో చూడండి. అన్నం పెట్టి గది ఇచ్చుటతో పని తీరిందని ఆయన అనుకోలేదు. గ్రంథాలయం పెంచినారు, అందులో వేల కొద్దీ పుస్తకాలు చేరినవి. 1926 మే నెలలో గోలకొండ పత్రిక ప్రారంభించినారు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించి, నైజాము తెలుగు కవులను మూడు వందల యాభైకి పైగా ఒక్కచోట నిలబెట్టినారు. ఆయన రచన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానం వచ్చింది. తెలుగులో ఆ బహుమానం పొందిన మొదటి గ్రంథం అదే. అప్పటికి ఆయన లేరు, 1953లోనే కాలం చేసినారు. జనం ఏం తింటారు, ఏం కట్టుకుంటారు, ఎట్లా ఆడుకుంటారు అని అంత శ్రద్ధగా వ్రాసిన మనిషి పదేండ్లు పిల్లల నడుమ, వంటశాల పక్కన గడిపినాడన్నది ఊరక పోయే విషయం కాదని మా అభిప్రాయం. ఆ హాస్టలులో ఉండి చదువుకున్న రావి నారాయణరెడ్డి గారు 1930లలో హరిజన సేవక సంఘం తరఫున తానే హరిజన విద్యార్థులకు హాస్టళ్ళు నడిపినారు. 1952 ఎన్నికలలో నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న రావి నారాయణరెడ్డి గారే ఈయన. హాస్టలులో ఉన్నవాడు హాస్టలు నడిపేవాడు కావడం - ట్రైనింగ్ అనే మాట అప్పుడు ఎవరూ వాడలేదు గాని, జరిగింది అదే.

ఇక మన భాషలో నడిచిన జామియా ఉస్మానియా. 1917లో ఫర్మానా, 1919లో తరగతులు, 1934 నాటికి అడిక్‌మెట్‌లో సొంత జాగా. అక్కడి ఏ హాస్టలు, బి హాస్టలు పేర్లు ఎరుగని హైదరాబాదీ ఉండడు. ఆ దారుల్ ఇఖామాల నుండి జడ్జీలు, ఇంజనీర్లు, కవులు బయలుదేరినారు. అయితే చరిత్ర వ్రాసేటప్పుడు తియ్యటి మాటలే వ్రాస్తే సరిపోదు. 1938లో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడుకొనుటను అధికారులు నిషేధించినారు. విద్యార్థులు వినలేదు. వందలమందిని వెళ్ళగొట్టినారు, నాగపూరు విశ్వవిద్యాలయం చాలామందిని చేర్చుకున్నది. ఆనాటి రాజకీయం గురించి మన ఇండ్లలోనే రెండు అభిప్రాయాలు ఉంటవి, ఆ తగవులోకి మేము పోము. ఒక్కటి మాత్రం అంటాము. హాస్టలు గదిలో మొదలైన విషయం హాస్టలులోనే మాట్లాడుకొని తేల్చుకొనే అవకాశం ఉండినది. నోటీసు బోర్డు మీద నిషేధం అతికించుట తేలిక. తలుపు తట్టి లోపలికి పోయి, పిల్లల పక్కన కూర్చొని వాళ్ళు చెప్పేది వినుట కష్టం. ఆ కష్టమైన పనే వార్డెను పని.

అట్లా చదువు మధ్యలో వెళ్ళగొట్టబడిన వారిలో వరంగల్లులో చదువుతున్న పి.వి. నరసింహారావు గారు ఒకరు. ఆయనే ముఖ్యమంత్రి అయినాక, 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోని మొదటి రెసిడెన్షియల్ పాఠశాల తెరిచినారు. (సర్వేలు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది.) ఉపాధ్యాయులు పిల్లలతోనే కాపురం ఉండే ఆ పద్ధతిలో పగలు లెక్కలు చెప్పే సారే రాత్రి జ్వరం చూచే సారు. 1986 నుండి వచ్చిన నవోదయ విద్యాలయాలలో కూడా హౌస్ మాస్టరుగా ఉపాధ్యాయుడే ఉంటాడు.

మైనారిటీల గురించి చెప్పాలంటే 2016 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 71 మైనారిటీ గురుకులాలు ఒకేసారి తెరిచింది. రెండేండ్లలో ఆ సంఖ్య 204కు చేరింది. ఇంత తొందరగా ఇన్ని హాస్టళ్ళు మన చరిత్రలో ఎన్నడూ రాలేదు. ఆడపిల్లను కాలేజీకి పంపని ఇండ్లు కూడా గురుకులానికి పంపినవి. కారణం అక్కడ చదువు బాగుంటుందని ఒక్కటే కాదు. బిడ్డ రాత్రిపూట ఒక నమ్మకమైన ఆడమనిషి కనుచూపులో ఉంటుందన్న ధైర్యం. ఆ నమ్మకం ఇమారతు వలన రాదు. మేట్రను వలన వస్తుంది.

నమ్మకం పోతే ఏమవుతుందో కూడా చూచినాము. 2024లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో భోజనం చేసిన అమ్మాయిలు అస్వస్థులైనారు. వారిలో ఒక బిడ్డ వారాల తరబడి చికిత్స పొంది నవంబరులో నిమ్స్ ఆసుపత్రిలో చనిపోయింది. ఆ రోజులలోనే ప్రభుత్వం డైటు చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ మొదలు పి.జి. వరకు చదివేవారికి నెలకు 1500 నుండి 2100 రూపాయలు, మూడు నుండి ఏడవ తరగతి పిల్లలకు 950 నుండి 1330 రూపాయలు. అనగా కాలేజీ విద్యార్థికి రోజుకు డెబ్బయి, చిన్నవానికి నలభై నాలుగు రూపాయలు. పెంచుట మంచిదే, ఇంకా పెంచాలె. కాని బియ్యంలో పురుగు చూచి సంచి తిప్పి పంపే ధైర్యం, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగినారో రిజిస్టరులో నిజం వ్రాసే ఇమాందారి, నలుగురు పిల్లలకు ఒకేసారి వాంతులైతే తెల్లారే దాకా ఆగకుండా దవాఖానాకు తీసుకుపోయే తెలివి డబ్బు పెంచినందువలన మాత్రమే రావు. నేర్పాలె.

సర్కారు వార్డెనుకు ఇప్పుడు హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ అని పేరు. 2022 డిసెంబరులో 581 పోస్టులకు ప్రకటన వచ్చి, 2024 జూన్‌లో పరీక్ష జరిగింది. మేట్రను, వార్డెను, పిల్లల గృహం సూపరింటెండెంటు పోస్టులు కూడా అందులోనివే. సామాన్య జ్ఞానం ఒక పేపరు, విద్యాశాస్త్రం ఒక పేపరు. పరీక్ష పెట్టి తీసుకొనుట సిఫారసుతో తీసుకొనుటకన్నా ఎంతో మేలు. అయినా పేపరు మీద వంటశాల వాసన రాదు కదా. మన మాట చెప్పుకుందాం. మన గల్లీలలో బి.ఇడి. చేసిన పిల్లలు, ఉర్దూ విశ్వవిద్యాలయంలో బి.ఇడి. చదివినవారు కూడా ఉన్నారు. టీచరు పోస్టు కొరకు ఏండ్ల తరబడి కూర్చుంటారు గాని వార్డెను పోస్టు అంటే మొహం ముడుస్తారు. "చదువుకొని అన్నం వడ్డించాల్నా" అని ఒక పిల్లవాడు మాతోనే అన్నాడు. సురవరం వారి సంగతి వానికి చెప్పినాము, విన్నాడో లేదో.

అమెరికాలో ఇదే పని సంగతి వేరు. అక్కడ హాస్టళ్ళు నడిపే ఉద్యోగులు 1949లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సమావేశమై, తమది ఒక వృత్తి అని సంఘం కట్టుకున్నారు. ప్రతి అంతస్తుకు రెసిడెంట్ అసిస్టెంట్ అని ఒక పెద్ద విద్యార్థిని ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. జీతం బదులు ఎక్కువగా గది, భోజనం. కాలేజీ తెరవక ముందే శిక్షణ. అందులో "మూసిన తలుపుల వెనుక" అని ఒక అభ్యాసం ఉంటుంది. పాతవాళ్ళు గదిలో చేరి ఒకడు తాగినట్టు, ఒకతె ఇంటి మీద బెంగతో ఏడుస్తున్నట్టు, ఇద్దరు కొట్లాడుతున్నట్టు నటిస్తారు. కొత్తగా వచ్చినవాడు తలుపు తట్టి లోపలికి పోయి మాట్లాడాలి. బయటికి వచ్చినాక ఎక్కడ గొంతు పెంచినాడో, ఎక్కడ వినలేదో విడమరచి చెబుతారు. తర్వాత ఏ కంపెనీకి దరఖాస్తు పెట్టినా ఆ అనుభవాన్ని ముందు వరుసలో వ్రాసుకుంటారు. అడిక్‌మెట్‌లో ఎనభై ఏండ్ల కింద ఇట్లాంటిది ఉండి ఉంటే అని మాకు అనిపిస్తుంది.

ఇదంతా మనకు పెద్ద ఖర్చు పని కాదు. తలుపు తట్టే అభ్యాసానికి మా స్కూలు గది చాలు, ఆదివారం మేమే కూర్చుంటాము. శంషాబాద్ చుట్టూ విమానాశ్రయంలోనూ, హోటళ్ళలోనూ హౌస్‌కీపింగ్, వంట, సెక్యూరిటీ పనులు చేస్తున్న మన ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎంతమంది లేరు! నీళ్ళ ట్యాంకు ఎట్లా శుభ్రపరచాలె, వండిన కూర ఎంతసేపు బయట ఉంచవచ్చు అన్నది వాళ్ళకు మాకన్నా బాగా తెలుసు. రెండు శుక్రవారాలు వచ్చి చెప్పుమంటే కాదనరు.

వసతిగృహం ముసాయిదా మాకు చూపించినారు. పదకొండు పేజీలు ఉన్నది. గదుల కొలతలు, ఫ్యాన్ల లెక్క, గేటు రంగు కూడా వ్రాసినారు. సిబ్బంది గురించి ఒక్క వాక్యం: "వార్డెను నియామకం కమిటీ చూచుకొనును." దాని స్థానంలో మేము ఒక సవరణ వ్రాసి ఇచ్చినాము. తలుపులు తెరుచుటకు మూడు నెలల ముందే వార్డెను, మేట్రను పోస్టులకు బహిరంగ ప్రకటన వేయాలె. కమిటీ సభ్యుల బంధువులు దరఖాస్తు పెట్టుకుంటే ఆ సభ్యుడు ఇంటర్వ్యూలో కూర్చోరాదు. ఎంపికైనవారికి ఆ మూడు నెలలకు సగం జీతం ఇచ్చి, బాగా నడుస్తున్న ఏదైనా గురుకులంలో పని చూచి రమ్మని పంపాలె. హాస్టలులో ఉండే సీనియరు విద్యార్థులు ఇద్దరికి భోజనం ఖర్చు మాఫీ చేసి మానిటర్ల పని అప్పగించాలె. బంధువుల షరతు మీద ఇప్పటికే ఇద్దరు సభ్యులు మాతో మాట్లాడుట తగ్గించినారు. సవరణ రాబోయే జనరల్ బాడీ ఎజెండాలో ఆరవ అంశంగా చేరింది.