ఓలి నుంచి బీడీ కార్డు దాకా

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు చాలాకాలం ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: పిల్లకు బీడీలు చేయడం వచ్చా, కార్డు ఉందా? కార్డు అంటే బీడీ కార్మికురాలిగా పేరు నమోదై, భవిష్య నిధి (పీఎఫ్) ఖాతా ఉందని చెప్పే ఆధారం. ఇందల్వాయి, డిచ్‌పల్లి, కామారెడ్డి, ఆర్మూర్ చుట్టుపక్కల ఇది కట్నకానుకల లెక్కలోకి ఎక్కింది. కార్డున్న పిల్లకు కట్నం కొంత తగ్గించుకునేవారు, లేని పిల్లకు పెంచి అడిగేవారు.

ఆడపిల్ల పనికి పెళ్లిలో వెల కట్టడం బీడీతో మొదలైంది కాదు. అంతకుముందు ఓలి ఉండేది. పెళ్లికొడుకు తరఫువారు పిల్ల తల్లిదండ్రులకు ఇచ్చే సొమ్మే ఓలి. పొలంలోనో మగ్గం దగ్గరో ఆడవాళ్ల కష్టం మీద ఇల్లు నడిచే కులాల్లో ఇది మామూలు. పనిచేసే మనిషి ఒక ఇల్లు వదిలి మరో ఇంటికి పోతోంది కనుక, ఆ లోటుకు పుట్టింటికి ఎంతో కొంత ముట్టాలన్నది అందులోని లెక్క. బ్రాహ్మణ కుటుంబాల్లోని కన్యాశుల్కం తీరు వేరు. అక్కడ పసిపిల్లలను డబ్బు తీసుకుని ముసలి వరులకు కట్టబెట్టేవారు. విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో అలాంటి పెళ్లిళ్లు 1,034 తేలాయి. 1892లో మొదట ప్రదర్శించి 1897లో అచ్చయిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’కు నేపథ్యం అదే. ఒక తరం తిరిగేసరికి డబ్బు ఎదురు దిశలో నడవసాగింది. కాళ్లకూరి నారాయణరావు నాటకం ‘వరవిక్రయం’లో అమ్ముడుపోయేది వరుడు. ఇంగ్లీషు చదువు, సర్కారు కొలువు మగపిల్లవాడి ధర పెంచాయి. కట్నం మెల్లగా కింది కులాలకూ పాకి ఓలిని చెరిపేసింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా దాన్ని ఆపలేకపోయింది.

నిజామాబాద్ జిల్లాలో ఈ మార్పుకు నేల, నీరు తోడయ్యాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కింద మంజీర నీళ్లు పారాయి. 1937లో బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ కింద చెరకు, వరి, చేతిలో నగదు. కోస్తా నుంచి వచ్చిన రైతులు ఆ వైపు క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. హైదరాబాద్ రోడ్డు వెంట, అడవి అంచున ఉన్న ఇందల్వాయి వైపు ఆ నీళ్లు లేవు. ఈ మెట్ట ఊళ్లలో వానాకాలం పంట, చేనేత ఇల్లు గడవడానికి చాలలేదు. మగవాళ్లు భివండి, షోలాపూర్ మిల్లులకు, తర్వాత గల్ఫ్‌కు దారి పట్టారు. ఇంట్లో మిగిలిన ఆడవాళ్లకు దొరికిన పని బీడీ.

బీడీ పరిశ్రమ 20వ శతాబ్దం తొలినాళ్లలో జబల్పూర్, గోందియా వైపు పెరిగి, బీడీ చుట్టే తునికాకు దొరికే చోటికల్లా వ్యాపించింది. మొదట్లో కార్ఖానాల్లోనే బీడీలు చుట్టేవారు. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చాక, ఆ నిబంధనలు తమకు తగలకుండా యజమానులు పనిని ఇళ్లకు పంపారు. కంపెనీకి, ఇంటికి నడుమ కమీషన్‌దారు వచ్చాడు. ఆకు, తంబాకు, దారం తూకం వేసి ఇవ్వడం, చేసిన బీడీలు లెక్కపెట్టి తీసుకోవడం అతని పని.

పని అంతా ఒళ్లోని చేటలోనే సాగుతుంది. ముందురోజు ఆకును నీళ్లలో తడిపి, తడిగుడ్డలో చుట్టి పెడతారు. పొద్దున రేకు ముక్కను కొలతగా ఆనించి కత్తెరతో కత్తిరిస్తారు. ముక్కలో చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య దొర్లించి, కొసను మడిచి, దారం చుడతారు. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కూలి వెయ్యి లెక్కనే. చేయి తిరిగినవారు రోజుకు 800 నుంచి 1,000 దాకా చేస్తారు. ఇచ్చిన ఆకు తక్కువపడితే సొంత డబ్బుతో కొనాలి. వంకరపోయిన బీడీలకు కూలి రాదు. తల్లి పక్కన కూర్చుని పదేళ్ల పిల్ల ఆకు కత్తిరించడం నేర్చేది. అత్తింటికి వెళ్లేటప్పుడు ఆ పనితనం ఆమె వెంటే వెళ్లేది.

ఆ పనితనాన్ని కార్డుగా మార్చింది చట్టం. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. యజమానులు దాన్ని సవాలు చేసినా, 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడింది. 1977లో భవిష్య నిధి బీడీకి వర్తించింది. ఇంటి దగ్గర చుట్టేవారికీ అది చెందుతుందని సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. అప్పటి నుంచి కార్డు అంటే పిల్లల స్కాలర్‌షిప్పు, ఇంటికి సాయం, వయసు మళ్లాక కొంత సొమ్ము. కమతం లేని ఇంట్లో రాతపూర్వకమైన ఏకైక ఆస్తి చాలాసార్లు కోడలి పేరు మీదే ఉండేది.

అయితే ఓలికీ కార్డుకీ ఒక తేడా ఉంది. ఓలి నాడు పిల్ల పనికి విలువ కట్టి పుట్టింటికి చెల్లించారు. కార్డు నాడు అదే విలువను కట్నంలో తగ్గింపుగా మాత్రమే లెక్కించారు. పని ఆమెది, రాబడి అత్తింటిది, కట్నం మాత్రం పుట్టింటి బాధ్యతగానే మిగిలింది. తంబాకు దుమ్ముతో వచ్చే దగ్గు, వంగి కూర్చోవడంతో పట్టుకునే నడుంనొప్పి ఏ లెక్కలోనూ చేరలేదు.

రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవనభృతి ప్రకటించి, 2019లో దాన్ని 2,016కు పెంచింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరున్నవారినే అర్హులుగా తీసుకోవడంతో పాత కార్డు విలువ పెరిగింది, కొత్తగా చేరేవారికి ఆ ఆశ లేకపోయింది. సంక్షేమ నిధికి ఆధారమైన బీడీ సెస్సు 2017లో జీఎస్టీతో రద్దయింది. అటు కాలువ కింద బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది, ఇటు మెట్ట ఊళ్లలో చేటలు మాత్రం పూర్తిగా అటకెక్కలేదు. కాకపోతే చేట ముందు ఇప్పుడు కనిపించేది ఎక్కువగా నడివయసు దాటినవారే. వాళ్ల డిగ్రీ చదివిన కూతుళ్ల సంబంధాల్లో బీడీ మాట అరుదు. కట్నం మాట మాత్రం ఇంకా వినిపిస్తోంది.