ఉత్తమపురుషమునఁ జెప్పఁబడిన జీవితము: రేవతిగారి వాఙ్మయ వ్యాసంగము

పలనాటి చరిత్రము మనకుఁ బాటగా దక్కినది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతముగారిచేఁ బరిష్కృతమై ముద్రితమైన పల్నాటి వీరచరిత్రమునందును, కారెంపూడి వీరుల తిరునాళ్లలోఁ బాడు గాయకుల నోటను నాయకురాలు నాగమ్మను మనము చూచుచున్నాము. మంత్రాంగము నడపిన స్త్రీ యామె. ఆమెనుగూర్చి యితరులు పలికిన మాటలు పెక్కులు కలవు. ఆమె తన్నుఁగూర్చి పలికిన మాట యొక్కటియు మనకుఁ జేరలేదు. లోకమర్యాదకు వెలిగా నడచినవారి చరిత్రము తఱచుగా నిట్లే ప్రథమపురుషమున లభించును. అట్టివారొకరు తమ కథను తామే చెప్పుకొన్నచో వాఙ్మయమున కేమి సిద్ధించునో తెలిసికొనుటకు ఏ. రేవతిగారి కృషి మంచి నిదర్శనము.

హిజ్రాలను గూర్చి పూర్వ మితరులు వ్రాసిన వ్రాఁత రెండు తెఱఁగులు. ఒకటి కావ్యము. తిక్కన విరాటపర్వమున అర్జునుఁడు బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పెను. పండితులెల్లరు మెచ్చిన ఘట్టమది. కాని యది గడువు తీరఁగనే విడిచిన వేషము. రెండవది ప్రభుత్వపు పట్టిక. 1871వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టముయొక్క రెండవ భాగము, అనుమానమునకు లోనైన నపుంసకుల పేర్లను నివాసములను నమోదు చేయుఁడని విధించెను. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనఁగా 1919వ సంవత్సరమున, అట్టి చట్టమే వెలసెను. స్త్రీవేషముతో బహిరంగముగా ఆడిపాడినవారిని వారంటు లేకయే పట్టుకొనుటకు అది యధికార మొసఁగెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారి వ్యాజ్యముపై తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023 జూలైలో దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. కావ్యము మెచ్చుకొన్నది, పట్టిక శంకించినది. రెంటను మాటాడినవారు వేఱొకరే.

రేవతిగారు తమిళనాఁట నామక్కల్ ప్రాంతపు గ్రామమునఁ బుట్టిరి. పురుషశిశువుగా లోక మెంచినను, బాల్యమునుండి తాము స్త్రీయనియే యెఱిఁగిరి. అన్నల దెబ్బలకు తాళలేక యిల్లు విడిచి, ఢిల్లీ ముంబై నగరములలో హిజ్రా గురువుల నాశ్రయించి జీవించిరి. 1999లో బెంగళూరునందలి ‘సంగమ’ యను సంస్థలోఁ జేరి, క్రమముగా దానికి సంచాలకురాలైరి. సభలలోఁ బ్రసంగించుట, తమవారి హక్కులకై వాదించుట యిచ్చటనే యారంభమైనది.

వారి గ్రంథరచనాక్రమము గమనింపఁదగినది. 2004లో వెలువడిన ‘ఉణర్వుమ్ ఉరువముమ్’ తోడి హిజ్రాల జీవితగాథల సంపుటము. అనఁగా వారు మొదట నితరుల నోట వారి మాటనే పలికించి, పిదపఁ దమ కథకుఁ బూనుకొనిరి. తమిళమున వ్రాసిన యాత్మకథ, వి. గీతగారి యాంగ్లానువాదముగా 2010లో ముందు వెలువడి, మఱుసటి యేఁట ‘వెళ్ళై మొళి’ యను పేరఁ దమిళమున నచ్చయ్యెను. దాపరికము లేని మాట యని యా పేరి భావము. దానినే వారు ఏకపాత్రాభినయముగా రంగస్థలముపైఁ బ్రదర్శించిరి. 2019లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయముపై, రాతిలోఁ జెక్కిన హోమరు, ప్లేటో మొదలగు పురుషుల పేర్లకు మీఁదుగా స్త్రీరచయితల పేర్ల పతాకము కట్టఁగా, అందు రేవతిగారి పేరును గలదు.

ఈ గ్రంథము తెనుఁగునకు వచ్చుట మన సీమకు సంబంధించిన విషయము. ‘ఒక హిజ్రా ఆత్మకథ’ యను పేర దీనిని ఆంగ్లమునుండి యనువదించిన పి. సత్యవతిగారు తెనాలి చేరువ కొలకలూరువారు. విజయవాడ కళాశాలలో నాంగ్లము బోధించిన కథారచయిత్రి. 2022లో పలనాడు వేఱు జిల్లా యగువఱకు అచ్చంపేటయుఁ గొలకలూరును గుంటూరు జిల్లాలోనివే. ఈ యనువాదమునకు కేంద్ర సాహిత్య అకాడమీ 2019వ సంవత్సరపు అనువాద పురస్కారము నొసఁగెను.

ఇచట వైయాకరణులు యోచింపవలసిన సంగతి యొకటి కలదు. ‘వాఁడు వచ్చినాఁడు’, ‘ఆమె వచ్చినది’ యని ప్రథమపురుషమున మన క్రియ లింగమును బయలుపఱచును. ‘నేను వచ్చినాను’ అనునపుడు పలికినది స్త్రీయో పురుషుఁడో క్రియ చెప్పదు. తమిళమునను ఇంతే. హిందీలో నట్లు కాదు. నేననువాఁడు తన లింగమును క్రియయందే చెప్పవలెను. మన భాషకును పూర్తి స్వేచ్ఛ లేదు: ‘చిన్నవాఁడను’, ‘చిన్నదానను’ అనుచోట భేదము తప్పదు. ఐనను ఆత్మకథకు వెన్నెముక క్రియ గాన, తమిళమునఁ బలికిన ‘నేను’ తెనుఁగునకు వచ్చునపుడు వ్యాకరణము దారి కడ్డుపడలేదు. పేరునకు పురుషమైనను ఉత్తమపురుషము పురుషులదే కాదు.

ఆత్మకథ వాఙ్మూలము మాత్రమే, సాహిత్యము కాదని యాక్షేపింపవచ్చును. వాఙ్మూలము అడిగినదానికిఁ బ్రత్యుత్తరము. పట్టిక వ్రాయు నధికారి యడుగు ప్రశ్నలు ముందే నిర్ణీతములు. ఆత్మకథలో నేది చెప్పవలెనో, ఏది ముందో, ఏది వెనుకయో కర్త నిర్ణయించును. ఆ నిర్ణయమే రచన. కల్పనకును దారి యేర్పడినది: హిజ్రా సమాజమునకుఁ జెందిన ప్రియాబాబుగారు ‘మూన్రామ్ పాలిన్ ముగమ్’ అను నవలను తమిళమున వ్రాసిరి.

పాఠశాలలో సర్వనామప్రకరణము చెప్పు పండితునకు ఈ చరిత్రము పనికివచ్చును. తరగతిలో నొక విద్యార్థిని ‘వాఁడు’ అనవలెనో ‘ఆమె’ అనవలెనో సందేహము గలిగినచోఁ బట్టికను జూచుటకంటె ఆ విద్యార్థి తన్నుఁ దానేమని చెప్పుకొనునో వినుట మేలు. ఉత్తమపురుషము చెప్పినదాని ననుసరించి ప్రథమపురుషమును దిద్దుకొనుట భాషకు లోపము కాదు, అది మర్యాద.