రాజధాని మారినప్పుడల్లా మారిన మూట

మన తనకల్లు ప్రాంతం వారికి పట్నం పోవడం కొత్త సంగతి కాదు. కోర్టు పనికో, కచేరీ పనికో, వైద్యానికో, పిల్లల చదువుకో తరతరాలుగా పోతూనే ఉన్నాము. అయితే పట్నం అన్న మాటకు అర్థం మాత్రం తరానికొక విధంగా మారుతూ వచ్చింది. తాతల నాడు పట్నమంటే మద్రాసు. తండ్రుల నాడు కొన్నేళ్ళు కర్నూలు. మన ఉద్యోగకాలంలో హైదరాబాదు. ఇప్పుడు చాలామందికి పిల్లలు, మనుమలు ఉన్న బెంగుళూరు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క ఋతుధర్మం. దానిని బట్టి మనం కట్టుకునే మూట కూడా మారింది. ఆ చరిత్రను, దాని నుండి మన వయసు వారు గ్రహించవలసిన జాగ్రత్తలను క్లుప్తంగా మనవి చేస్తాను.

ముందుగా మన సొంత వాతావరణం. 1882లో బళ్ళారి నుండి విడివడి అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు కదిరి తాలూకా అందులో లేదు. కడప జిల్లాలో ఉండి, 1910లో ఇటు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుండి మనది శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారిందే గాని వాన లెక్క మారలేదు. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైఋతి మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసి మన వైపు ఖాళీగా వస్తాయి. ఈశాన్య మేఘాలు తీరంలో కురిసి మన దాకా వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే మన వాడి చేతిలో గొడుగు ఉందంటే అది వానకంటే ఎండకే అనుకోవాలి. ఈ అలవాటుతోనే మన వారు పరాయి ఊళ్ళకు బయలుదేరేవారు.

1953 సెప్టెంబరు 30 వరకు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. మీటరు గేజి బండిలో పాకాల దాకా పోయి, అక్కడి నుండి మార్గం చూసుకోవలసి వచ్చేది. ట్రంకు పెట్టె, చాపలో చుట్టిన పడక, మరచెంబు, చద్దిమూట, ఇవీ ఆనాటి సామాను. మన దేశంలో వాతావరణాన్ని క్రమంగా లెక్కగట్టడం మొదలైన తొలి చోట్లలో మద్రాసు ఒకటి. 1792లో అక్కడ నక్షత్రశాల కట్టారు. 1796 నుండి అక్కడ వాతావరణ పరిశీలనలు జరిగాయి. మనకు మృగశిర కార్తెతో వానల మీద ఆశ పుడుతుంది. మద్రాసు వాన మాత్రం ముఖ్యంగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు, అంటే మన వర్షపాతానికి రెండింతలకు పైమాట. దీపావళి దాటింది, ఇక వాన ఎక్కడిది అనుకొని గొడుగు లేకుండా పోయినవాడు అక్కడ తడిసి తీరవలసిందే. 2015 డిసెంబరు 1వ తేదీ కుంభవృష్టి ఆ నగరాన్ని ఎంత ముంచిందో మనందరం టీవీలో చూసినదే.

అక్కడి వేసవి మరొక తీరు. మన ఎండ పొడి ఎండ. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒళ్ళు కొంత చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ వల్ల మద్రాసులో చెమట ఆరదు. అదే డిగ్రీల వేడికి అక్కడ ఎక్కువ అలసట. 2003 మే 31న అక్కడ 45 డిగ్రీలు నమోదైంది. తెల్లదొరలు ఆ ఉక్కకు తాళలేకనే 1870 ప్రాంతం నుండి ప్రతి వేసవికీ మద్రాసు ప్రభుత్వాన్ని ఉదకమండలానికి తరలించేవారు. దొర వెంట ఫైళ్ళు, ఫైళ్ళ వెంట గుమాస్తాలు. ఒకే ఉద్యోగానికి సముద్రతీరపు పలుచని పంచె, నీలగిరి చలికి కంబళి రెండూ సిద్ధంగా ఉంచుకోవలసిన స్థితి వారిది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. కార్యాలయాలకు సరిపడా కట్టడాలు లేక గుడారాలు వేసి పరిపాలన సాగించారు. కర్నూలు వేసవిలో గుడారం కింద కూర్చొని నోట్ ఫైలు రాయడమంటే ఏమిటో మనలో ఉద్యోగం చేసిన వారెవరైనా ఊహించగలరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత అక్కడ అక్షరాలా నిజం. మట్టికూజా, తలగుడ్డ, ఉల్లిపాయ ఆనాటి ప్రయాణికుడి రక్షణ సామగ్రి. ఉల్లిపాయ జేబులో ఉంటే వడదెబ్బ తగలదన్నది నమ్మకమే. కూజాలో నీళ్ళు, తల మీద గుడ్డ మాత్రం నిజంగా కాపాడినవి.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు అయింది. మన తరం వారిలో హెడ్డాఫీసు పనికి అక్కడికి పోనివారు అరుదు. సముద్రమట్టానికి పదిహేడు, పద్ధెనిమిది వందల అడుగుల ఎత్తున్న ఊరు. మే నెలలో పగలు నలభై డిగ్రీలు దాటినా, మద్రాసు వలె ఉక్క ఉండదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున రైలు దిగినవాడికి స్వెట్టరు, మఫ్లరు లేకపోతే పళ్ళు కటకటలాడతాయి. టి.ఎ. బిల్లులో స్వెట్టరుకు పద్దు లేదు గనుక అది మన సొంత ఖర్చే.

హైదరాబాదు వానను తక్కువగా చూడరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు మీదికెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ప్రళయం తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా తీసుకొని, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి చేశారు. అయినా 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో మళ్ళీ కాలనీలు మునిగాయి. నది పొంగకపోయినా, నీరు పోయే దారులు మూసుకుపోతే వీధే నది అవుతుంది.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చింది. కృష్ణాతీరంలో ఎండకు మళ్ళీ తేమ తోడవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల భయం ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి.

ఇక బెంగుళూరు. మూడు వేల అడుగుల ఎత్తు. ఎత్తు పెరిగిన కొద్దీ వేడి తగ్గడం ప్రకృతి నియమం. శ్రీరంగపట్నంలో జ్వరాలతో అవస్థపడిన ఇంగ్లీషు సైన్యం 1809లో బెంగుళూరు కంటోన్మెంటుకు మారడానికి ఈ చల్లదనం ఒక కారణం. 1884 జనవరి 13న అక్కడ 7.8 డిగ్రీల చలి నమోదైంది. తరువాతి కాలంలో ఆ ఊరికి పింఛనుదారుల స్వర్గమని పేరు వచ్చింది. ఫ్యాను లేని ఇళ్ళు, వేసవి రాత్రి కూడా దుప్పటి, సాయంకాలం లాల్‌బాగ్ షికారు. మన వారు చాలామంది ఆ పేరు నమ్ముకొనే ఈనాటికీ ఏప్రిల్ నెలలో అక్కడికి బయలుదేరుతుంటారు.

ఇక్కడే మనం ఆలోచించాలి. 2016 ఏప్రిల్‌లో బెంగుళూరులో 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 ఏప్రిల్ చివర 38.5 డిగ్రీలు. అదే ఏడు మార్చిలో బోర్లు ఎండి, చాలా కాలనీల వారు ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. ఆ తరువాత జూన్ 2న ఒక్కరోజులో 111 మిల్లీమీటర్ల వాన పడి, 1891 నాటి జూన్ నెల రికార్డు చెరిగిపోయింది. 2022 సెప్టెంబరులో ఊరి తూర్పు వైపు ఖరీదైన ఇళ్ళ నుండి మనుషులను పడవల్లో, ట్రాక్టర్లలో తరలించారు. చెరువులు పూడి, చెట్లు తగ్గి, కాంక్రీటు పెరిగితే ఎత్తున్న ఊరికి కూడా ఎండ తప్పలేదు, వరద తప్పలేదు. పేరు పాతదే, గాలి మాత్రం కొత్తది. వయసు పైబడిన శరీరం వేడిని త్వరగా పసిగట్టలేదు. దాహం కూడా ఆలస్యంగా వేస్తుంది. కాబట్టి పాత పేరును నమ్మి బయలుదేరడం మన వయసులో ప్రమాదం.

ఈ చరిత్ర దృష్ట్యా కొన్ని సూచనలు. బెంగుళూరుకు మార్చి నుండి మే వరకు పలుచని నూలు బట్టలు, టోపీ లేక తలగుడ్డ, మంచినీళ్ళ సీసా తప్పనిసరి. ఏప్రిల్, మే సాయంత్రాలలో ఉరుములతో వాన వస్తుంది గనుక మడత గొడుగు కూడా. ఆగస్టు నుండి అక్టోబరు వరకు గొడుగుతో పాటు, జారని చెప్పులు ముఖ్యం. మన వయసులో వాన కంటే జారిపడడం ఎక్కువ చేటు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు స్వెట్టరు, మంకీ టోపీ, సాక్సులు. మద్రాసుకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు అదనంగా రెండు జతల బట్టలు ఉండాలి. అక్కడ ఉతికిన బట్ట త్వరగా ఆరదు. హైదరాబాదుకు చలికాలంలో శాలువ, వేసవిలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు.

మందులు అనుకున్న రోజుల కంటే వారం రోజులకు ఎక్కువగా తీసుకోవాలి. డాక్టరు చీటీ నకలు కూడా దగ్గర ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని ఎండలో నిలిపిన కారులో వదలరాదు. నీరు పోయే మాత్రలు వాడేవారు వేసవి ప్రయాణానికి ముందు డాక్టరును ఒక మాట అడగాలి. పి.పి.ఓ. నకలు, ఆధార్ కార్డు సంచిలో ఉంటే మంచిది. 2014 నవంబరులో డిజిటల్ జీవన ప్రమాణ పత్రం విధానం వచ్చిన తరువాత, దూరాన ఉన్నా ఆ పత్రం ఇచ్చే వీలు కలిగింది. గడువు కోసం ఎండలో, వానలో హడావిడిగా తిరిగి రావలసిన అవసరం తగ్గింది.

ఇంకొక్క మాట. బయలుదేరే ముందు పిల్లలకు ఫోను చేసి, "అక్కడ ఎండ ఎట్లుంది నాయనా, నీళ్ళు వస్తున్నాయా?" అని అడగడంలో నామోషీ లేదు. మన పెద్దలు పంచాంగం చూసి బయలుదేరారు. మనం పంచాంగంతో పాటు వాతావరణ శాఖ వారి సూచన కూడా చూసి బయలుదేరుదాం. చూసిరమ్మన్న మనుమల దగ్గర మంచాన పడకుండా, ఆరోగ్యంగా పోయి ఆరోగ్యంగా తిరిగి వస్తే అంతకంటే ఏమి కావాలి.