ప్రశాంతంగా కనిపించే నీరే ప్రాణాంతకం
సముద్ర స్నానాలకు వెళ్లేవారు తెలుసుకోవలసిన విషయాలు

బాపట్ల: కార్తీక, మాఘ పౌర్ణములు వచ్చాయంటే సూర్యలంక, వాడరేవు, రామాపురం తీరాలు భక్తులతో కిటకిటలాడుతాయి. సెలవు దినాల్లో విద్యార్థులు, కుటుంబాలు దూర ప్రాంతాల నుంచి తరలివస్తారు. అలా వచ్చినవారిలో కొందరు తిరిగి ఇల్లు చేరని విషాదాలు ఈ తీరాల్లో పలుమార్లు చోటు చేసుకున్నాయి. అటువంటి ప్రతి సందర్భంలోనూ ‘రాకాసి అల పొట్టన పెట్టుకుంది’ అనడం పరిపాటి. వాస్తవానికి విరిగిన అల నీటిని ఒడ్డు వైపే తోస్తుంది. మనిషిని లోపలికి లాక్కుపోయేది ఆ నీరు తిరిగి వెళ్లే దారి. దీనినే రిప్ కరెంట్ అంటారు. తెలుగులో తిరుగు ప్రవాహం అనుకోవచ్చు.

తిరుగు ప్రవాహం అంటే..

అలలు మోసుకొచ్చిన నీరు ఒడ్డున పోగుపడి, ఇసుక తిన్నెల మధ్య లోతుగా ఉన్న సందు గుండా ఒక్కసారిగా సముద్రంలోకి మళ్లుతుంది. బలంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు 2 మీటర్లు దాటగలదు. అంతటి వేగానికి ఎదురీదడం ఆరితేరిన ఈతగాళ్లకు కూడా సాధ్యం కాదు. చెరువుల్లో, కాలువల్లో నేర్చిన ఈత ఇక్కడ అక్కరకు రాదు.

గుర్తించడం ఎలా?

ఇరువైపులా అలలు తెల్లగా విరుగుతుండగా మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, నీరు ముదురు రంగులో నిలకడగా కనిపిస్తే అది ప్రమాద స్థలమని అనుమానించాలి. నురుగు, నాచు లోపలి వైపు కొట్టుకుపోతుండటం మరో గుర్తు. అలలు లేవు కదా అని పిల్లలను అక్కడే దించడం పెద్దలు తెలియక చేసే పొరపాటు. నీటిలోకి దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలిచి పరిశీలించాలి. స్థానిక మత్స్యకారులను అడిగి తెలుసుకోవడం మరీ మంచిది. గత ఏడాది క్షేమంగా స్నానం చేసిన చోటే ఈసారి గుంట ఏర్పడి ఉండవచ్చు.

చిక్కుకుంటే..

ఈ ప్రవాహం మనిషిని దూరంగా తీసుకుపోతుందే తప్ప అడుగుకు లాగదు. చాలామంది ఒడ్డు వైపు ఎదురీది, అలసిపోయి మునిగిపోతున్నారు. కంగారు పడకుండా వెల్లకిలా తేలుతూ, చేయి పైకెత్తి సహాయం కోసం కేకలు వేయాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరుకొని వాటితోపాటు ఒడ్డుకు రావాలి.

రక్షించబోయి ప్రాణాలు పోగొట్టుకోవద్దు

ఒకరు మునుగుతుంటే స్నేహితుడో తండ్రో వెంటనే దూకడం, ఆపై ఇద్దరూ గల్లంతు కావడం తరచూ జరుగుతోంది. ముందుగా గజ ఈతగాళ్లను, మత్స్యకారులను పిలవాలి. గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, తాడు, ఏది అందుబాటులో ఉంటే అది విసరాలి.

పర్వదినాల్లో ప్రత్యేక జాగ్రత్తలు

పౌర్ణమి, అమావాస్య రోజుల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. నీరు వెనక్కి తీసే వేళ తిరుగు ప్రవాహాలు బలపడతాయి. కార్తీకంలో చీకటితోనే స్నానానికి దిగే ఆచారం ఉన్నప్పటికీ, వెలుగు రాక ముందు నీటి తీరు కంటికి ఆనదు. ఉపవాసంతో నీరసించినవారు, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారు ఒంటరిగా దిగరాదు. తడిసిన చీర, పంచె కాళ్లకు చుట్టుకొని అడుగు పడనివ్వవు. మద్యం సేవించినవారిని నీటి దరికే రానివ్వకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండి, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పటికీ అలలు ఎగసిపడవచ్చు. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) అలల ఉధృతిపై హెచ్చరికలు జారీ చేస్తుంది. బయలుదేరే ముందే వాటిని చూసుకోవాలి.

ఒడ్డుకు చేర్చాక..

మునిగినవారిని తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం ప్రమాదకరం. దానివల్ల విలువైన సమయం వృథా కావడమే గాక, పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. శ్వాస లేకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో శ్వాస అందించాలి. తరువాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు రెండు శ్వాసల చొప్పున అంబులెన్స్ వచ్చే వరకు ఆపకూడదు. తేరుకున్నవారిని సైతం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తరువాత ఇబ్బంది పెట్టవచ్చు.

జెల్లీ చేపలు, టేకు ముళ్లు

జెల్లీ చేప తగిలితే ఆ భాగాన్ని ఇసుకతో రుద్దరాదు, మంచినీటితో కడగరాదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులను పట్టకారుతో తీయాలి. టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో కాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఆయాసం, వాపు కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. వలల్లో పడిన సముద్రపు పాములు విషపూరితమైనవి. చచ్చినవని భావించి తాకరాదు.

అత్యవసర సమయంలో అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112, తీర భద్రతా విభాగానికి 1093 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

సంకల్పం చెప్పుకొని మూడు మునకలు వేయడానికి మోకాలి లోతు నీరు చాలు. అంతకు మించి ముందుకు వేసే ప్రతి అడుగుకూ ముందు, ఇంటి వద్ద ఎదురుచూసేవారిని ఒకసారి తలచుకోవాలి.