పాత ముక్కలతో మీటరు గేజి ఇంజను

బందరు పక్కనున్న చిలకలపూడి పేరు చెప్పగానే రోల్డుగోల్డు నగలు గుర్తుకు వచ్చును. సన్నని లోహపు రేకును కత్తిరించి, వంచి, టంకముతో అతికి, పైన పలుచని బంగారు పొర నిచ్చుట అక్కడి పనివారి విద్య. కత్తెర, ఆకురాయి, టంకము: పాత ఆవిరి ఇంజను నమూనా చేయువారికి కావలసిన సామగ్రి కూడ ఇదే.

ఎందుకు ఆ ఇంజను? 1908లో బెజవాడ నుండి బందరుకు రైలుమార్గము ఏర్పడినది. అది మీటరు గేజి. అనగా పట్టాల మధ్య దూరము 1,000 మి.మీ. 1960లలో దానిని 1,676 మి.మీ. బ్రాడ్ గేజిగా మార్చిరి. ఆ మార్పుతో చిన్న ఇంజన్లు ఈ ప్రాంతమును విడిచినవి. వాటిని చూడని తరమునకు చూపుటకు నమూనా ఒక మంచి సాధనము.

మీటరు గేజి ఇంజన్లలో ఎఫ్ తరగతి ప్రసిద్ధమైనది. 1895లో అజ్మీరు కార్ఖానాలో తయారైన ఎఫ్-734 మన దేశములో నిర్మించిన తొలి ఇంజనుగా పేరు పొందినది. అది నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో కలదు. దానికి ఒకదానితో నొకటి కలుపబడిన చక్రములు ఆరు. ముందు చిన్న చక్రములు లేవు. ఇట్టి ఆరు చక్రముల చట్రములు బొమ్మ రైళ్లలో సులభముగా దొరకును.

బొమ్మ రైళ్లకు స్థిరమైన కొలతలు 1891లో జర్మనీలోని లైప్జిగ్ సంతలో మార్క్లిన్ సంస్థ ప్రవేశపెట్టినది. కొలతలు స్థిరపడిన పిమ్మట ఒక పెట్టెలోని చక్రములు మరొక పెట్టెలోని పట్టాలపై నడువగలిగినవి. ఇంగ్లండులో 1959లో కిట్‌మాస్టర్ పేరుతో ప్లాస్టిక్ ఇంజన్ల కిట్లు వెలువడినవి. ఇట్టి కిట్లను సూచనల ప్రకారము కూర్చక, రెండు మూడింటి ముక్కలను కలిపి వేరొక ఇంజనును చేయుటను కిట్‌బ్యాషింగ్ అందురు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రములోని అంతరిక్షనౌకలపై టాంకుల కిట్ల ముక్కలు కూడ అతికించిరి.

అంతరిక్షనౌక ఊహాజనితము, దానిపై ఏ ముక్క పెట్టినను తప్పు కాదు. చారిత్రక ఇంజను అట్లు కాదు. ఒక తప్పు ముక్క ఒక తప్పు వాక్యముతో సమానము.

ఇక్కడనే లెక్క అవసరమగును. బజారులో విరివిగా దొరకు చట్రముల గేజి 16.5 మి.మీ. అది 1,435 మి.మీ. గేజికి 87వ వంతు. ఆ చట్రమునే మీటరు గేజి ఇంజనుకు వాడినచో 1,000ని 16.5తో భాగింపవలెను, సుమారు 60.6 వచ్చును. అనగా నమూనా 60వ వంతుకు దగ్గరగా ఉండవలెను. నిజమైన బాయిలరు పొడవు 4 మీటర్లనుకొందము. ఈ లెక్కన అది 66 మి.మీ.; 87వ వంతున 46 మి.మీ. మాత్రమే. 87వ వంతు కిట్టులోని బాయిలరును, పొగగొట్టమును ఆ చట్రముపై అమర్చినచో ఇంజను బక్కచిక్కి కనిపించును. చూచువారికి పాత ఇంజన్లు అట్లే ఉండెననిపించును.

దీనికి రెండు మార్గములు గలవు. 87వ వంతు ముక్కలనే వాడదలచినవారు 12 మి.మీ. గేజి చట్రము వెతుకవలెను. ఏలయన మీటరులో 87వ వంతు 11.5 మి.మీ. లేదా 16.5 మి.మీ. చట్రమునే ఉంచుకొని, బాయిలరును, డ్రైవరు గదిని ఇత్తడి రేకుతో స్వయముగా చేయవలెను. రెండవ పని కష్టమైనను మంచి శిక్షణ నిచ్చును.

పాఠశాలలో దీనిని చేయించు ఉపాధ్యాయులు ఒక నియమము పాటించుట మేలు. నమూనా అడుగున ఒక కాగితము అతికించి, ఏ భాగము ఏ కిట్టునుండి వచ్చినదో, ఏది చేతితో చేసినదో, ఏ కొలతను ఏ ఛాయాచిత్రమునుండి గ్రహించినదో వ్రాయించవలెను. రంగు వేసిన పిమ్మట అతుకులు కనబడవు. ఆ కాగితము మాత్రమే వాటిని చూపును. అది ఉన్న నమూనాను తరువాతి విద్యార్థి సరిదిద్దగలడు. లేనిచో అది అందమైన బొమ్మగానే మిగులును.