షుగర్‌కు ఆపరేషన్ వచ్చిన కథ

పీళమేడులోనైనా మదురైలోనైనా మన పెళ్లి బంతిలో షుగర్ మాట రాకుండా ఉండదు. దీనికి ఆపరేషన్ కూడా ఒక వైద్యమని లోకానికి అనుకోకుండా తెలిసింది.

అమెరికాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్, ఒళ్లు తగ్గడానికి కడుపు చిన్నది చేసి పేగును మళ్లించేవారు. 1995లో లెక్క చెప్పారు: షుగర్ ఉన్న 146 మందిలో 121 మందికి మామూలుకు వచ్చింది. అదీ బరువు తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే! పేగు హార్మోన్లు మారడం ఒక కారణం.

ఇప్పుడు మన కోయంబత్తూరు జెమ్ ఆసుపత్రిలోనూ చేస్తున్నారు. 2016లో ప్రపంచ షుగర్ సంఘాలు దీన్ని ఒప్పుకున్నాయి. మందులకు లొంగకపోతే ఆసియావాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి.

అయితే కొందరికి ఏళ్ల తర్వాత షుగర్ తిరిగొస్తుంది. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. చేయించుకున్నవాళ్లను మాత్రం "అందం కోసం" అని ఎగతాళి చేయకండి. వాళ్లు కాపాడుకునేది కళ్లనూ కాళ్లనూ కిడ్నీలనూ.