గంటల మీటరు నుంచి సంస్థ సాఫ్ట్‌వేర్ దాకా: జహీరాబాద్ ట్రాక్టరు, రైతు సాక్ష్యం

కీలక పదాలు: జహీరాబాద్, ట్రాక్టరు, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, ఈఆర్‌పీ, యంత్రసమాచారం, జాబ్‌కార్డు, సంఘం రేడియో.

ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్‌కు ఆధునిక పరిశ్రమల చరిత్రలో చెప్పుకోదగిన స్థానం ఉంది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో ఇక్కడ తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీని చేపట్టింది. తరవాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 2013లో అదే సంస్థ ట్రాక్టర్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆవిష్కరించిన 'ఓజా' ట్రాక్టర్లు తయారయ్యేది ఇక్కడే. సంస్కృత 'ఓజస్' శబ్దం నుంచి వచ్చిన పేరది. తమ స్థితిగతులను దూరాన ఉన్నవారికి తెలియజేసే సాంకేతిక సదుపాయం ఈ శ్రేణిలో ఉంది. యంత్రం తన గురించి తానే చెప్పుకొనే దశ ఎలా వచ్చింది? దానివల్ల రైతు మాటకున్న విలువ ఏమవుతోంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. రెండు పాయల చరిత్ర:

సంస్థల వ్యాపార సాఫ్ట్‌వేర్ లెక్కల గదిలో పుట్టింది. 1960లలో ముడిసరుకు అవసరాలను కంప్యూటరుతో లెక్కగట్టే పద్ధతి అమెరికాలో రూపొందింది. 1972లో జర్మనీలో శాప్ సంస్థ ఏర్పడింది. 1990లో గార్ట్‌నర్ సంస్థ ఈ తరహా వ్యవస్థలకు ఈఆర్‌పీ అనే పేరు పెట్టింది. కొనుగోలు, నిల్వ, అమ్మకం, జమాఖర్చు అన్నీ ఒకేచోట చేరాయి. అయితే గుమాస్తా నమోదు చేసినంత వరకే ఆ వ్యవస్థకు తెలిసేది.

రెండో పాయ యంత్రాల వైపు నుంచి వచ్చింది. వాహనంలోని నియంత్రణ పరికరాలు ఉమ్మడి తీగలపై సందేశాలు ఇచ్చిపుచ్చుకొనే 'క్యాన్' పద్ధతిని 1986లో బాష్ సంస్థ ప్రకటించింది. చమురు గొట్టపుమార్గాల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో చేరవేయడానికి 1999లో ఎంక్యూటీటీ అనే సందేశ విధానం రూపొందింది. అదే ఏడాది కెవిన్ ఆష్టన్ 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అనే మాటను వాడాడు. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో సరుకుల సరఫరాను గురించి చేసిన ప్రసంగానికి ఆయన పెట్టిన శీర్షిక అది. అంటే ఈ భావన పుట్టుకలోనే సంస్థ అవసరం ఉంది. 2000లో వెలువడిన ఐఎస్ఏ-95 ప్రమాణం కర్మాగారంలోని నియంత్రణ వ్యవస్థకూ కార్యాలయంలోని వ్యాపార వ్యవస్థకూ మధ్య ఏ సమాచారం నడవాలో నిర్దేశించింది. రెండు పాయలు అక్కడ కలిశాయి.

2. మీటరు, జాబ్‌కార్డు, కోడు:

ట్రాక్టరు పనిని కిలోమీటర్లలో గాక గంటల్లో కొలుస్తారు. మీటరు మీది గంటలను రైతు చదివేవాడు, మెకానిక్ రాసుకొనేవాడు. బండికి జబ్బు చేస్తే మొదటి సాక్ష్యం రైతు మాటే. "నల్లపొగ కొడుతోంది", "లోడు మీద గుంజుతలేదు" అన్న ఫిర్యాదు జాబ్‌కార్డుకు ఎక్కి, అక్కడి నుంచి కంప్యూటరుకు చేరేది.

అనుసంధానం ఈ వరుసను తలకిందులు చేసింది. సెన్సార్ల కొలతలు క్యాన్ తీగల మీదుగా సిమ్ కార్డు, జీపీఎస్ ఉన్న పెట్టెకు చేరతాయి. సిగ్నల్ లేనప్పుడు ఆ పెట్టె వాటిని దాచి తరవాత పంపుతుంది. సర్వర్‌కు చేరిన అంకెకు దానంతటదే వ్యాపారపరమైన అర్థం ఉండదు. పెట్టె సంఖ్యను ఛాసిస్ నంబరుతో, దానిని కొనుగోలుదారుతో, అమ్మిన తేదీతో, వారంటీతో జతచేసినప్పుడే అర్థం ఏర్పడుతుంది. అనుసంధానంలో అసలు పని ఈ జతచేయడమే. వచ్చిన ప్రతి కొలతా ఈఆర్‌పీకి వెళ్ళదు. నిర్ణీత హద్దు దాటినదే 'సంఘటన'గా మారి సర్వీసు ఉత్తరువునో విడిభాగాల అవసరాన్నో సృష్టిస్తుంది. మహీంద్రా 2016లో ప్రవేశపెట్టిన డిజిసెన్స్ ట్రాక్టర్లు, లారీలు, నిర్మాణ యంత్రాలను ఒకే సమాచార వేదికపైకి తెచ్చిన ప్రయత్నం.

3. సాక్ష్యం ఎవరి చేతిలో?

దీనివల్ల రైతుకు మేలు లేదనడం సరికాదు. ట్రాక్టరును గంటల లెక్కన కిరాయికి ఇచ్చే యజమానికి ఎన్ని గంటలు నడిచిందో, ఎక్కడ నడిచిందో తెలుస్తుంది. డ్రైవరుకూ యజమానికీ మధ్య తగువు తగ్గుతుంది. కాని ఏ హద్దు దాటితే సంఘటన అవుతుందో నిర్ణయించేది వ్యవస్థను రూపొందించినవారే. వారంటీ తగాదాలో రైతు మాట ఒకటి, యంత్రపు నమోదు మరొకటి అయితే, ఆ నమోదును చదవలేని రైతు దాన్ని ప్రశ్నించలేడు.

జహీరాబాద్ ప్రాంతమే దీనికి భిన్నమైన ఉదాహరణను కూడా ఇచ్చింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో మాచ్నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దానిని నడిపినవారు దళిత మహిళలు. అక్కడ మాట రికార్డు చేసినవారూ, ఆ మాట చెప్పినవారూ, విన్నవారూ ఆ పల్లెలవారే. పరికరం ఆధునికమైనదే అయినా మాట మీద అధికారం ఊరు దాటిపోలేదు.

ఐరోపా సమాఖ్య డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమలులోకి వచ్చింది. తాను వాడే అనుసంధానిత యంత్రం సృష్టించే సమాచారాన్ని పొందే హక్కును అది వినియోగదారునికి ఇచ్చింది. భారతదేశపు 2023 నాటి చట్టం వ్యక్తిగత డిజిటల్ సమాచారానికి సంబంధించినది. యంత్రసమాచారంపై అటువంటి హక్కును అది ప్రత్యేకంగా పేర్కొనలేదు.

ముగింపు:

1. అనుసంధానం తెచ్చిన ప్రధానమైన మార్పు వేగం కాదు. నమోదు పుట్టే చోటు మారడం. అది రైతు నోటి నుంచి సెన్సారుకు జరిగింది.

2. యంత్రసమాచారం విలువ కొలతలో లేదు, దానిని మనిషితో, ఒప్పందంతో జతచేయడంలో ఉంది. కాబట్టి ఆ జత ఎలా కుదిరిందో తెలుసుకొనే అవకాశం రైతుకు ఉండాలి.

3. పాత జాబ్‌కార్డులో రైతు చెప్పిన మాటకు ఒక గడి ఉండేది. కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ లోపపు కోడు పక్కన ఆ గడి ఉండాలి. "గుంజుతలేదు" అన్న మాట కూడా ఒక కొలతే.